రాగి తీగకు మహిమలు

2007లో అమెరికాలోని పేర్ కేబుల్ అనే కంపెనీ అమ్మకానికి పెట్టిన పన్నెండు అడుగుల స్పీకర్ తీగల జత ధర 7,250 డాలర్లు. అప్పటి మారకంలో మన డబ్బులో దాదాపు మూడు లక్షలు. ఐంద్రజాలికుడిగా మొదలై, అతీత శక్తులున్నాయని చెప్పుకునేవాళ్ళ గుట్టు విప్పడంలో జీవితం గడిపిన జేమ్స్ రాండీ దీని మీద సవాలు విసిరాడు. ఏ తీగ ఏదో కంటికి కనపడకుండా, కేవలం చెవితో విని ఈ తీగకూ మామూలు తీగకూ తేడా చెప్పగలిగితే పది లక్షల డాలర్లు ఇస్తానన్నాడు. ఆడియో విమర్శకుడు మైకేల్ ఫ్రెమర్ సిద్ధపడ్డాడు. తరవాత కంపెనీ పక్కకు తప్పుకుంది, షరతుల మీద వాదులాట నడిచింది, పరీక్ష జరగలేదు. జరగని పరీక్ష దేన్నీ రుజువు చెయ్యదు, అది ఒప్పుకోవాలి. హేతువాది అబ్రహాం కోవూర్ లక్ష రూపాయల సవాలు గురించి చదివిన తెలుగు పాఠకులకు ఈ కథ నడక కొత్తగా ఉండదు. పందెం సొమ్ము ఊరిస్తుంది, ప్రచారం వస్తుంది, తీరా పరీక్ష గది దాకా వచ్చేసరికి ఏదో ఒక అడ్డం పడుతుంది. కోవూర్ సవాలు ఎదుర్కొన్నవాళ్ళు జ్యోతిష్యులు, బాబాలు. ఇక్కడ మహిమ చెప్పుకునేది ఓమ్‌లలో, మైక్రోఫారడ్‌లలో మాట్లాడుతుంది. దాన్ని నమ్మేవాళ్ళలో ఇంజనీర్లు, డాక్టర్లు తక్కువేమీ కాదు. హేతువాదం ఎంతసేపూ ఊరి చివర వేపచెట్టు కింద కట్టిన తాయెత్తునే చూస్తూ, అపార్టుమెంటు హాల్లో సోఫా వెనక పడుకున్న ఈ తీగను వదిలేస్తే అది సగం పనే అవుతుంది.

ముందు తీగ చేసే పని చూద్దాం. యాంప్లిఫయర్ నుంచి వచ్చే విద్యుత్ సంకేతాన్ని అది స్పీకర్ దాకా మోస్తుంది. మోసేటప్పుడు దాని నిరోధం కొంత తింటుంది. ఆ కొంత ఎంతో ఇంటర్మీడియెట్ చదివినవాళ్ళెవరైనా లెక్క కట్టొచ్చు. ఇళ్ళలో వైరింగుకు వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ నిరోధం మీటరుకు ఓమ్‌లో వెయ్యింట ఎనిమిది వంతులు. స్పీకర్ అయిదు మీటర్ల దూరంలో ఉంటే, పోనూ రానూ పది మీటర్లకు 0.08 ఓమ్. ఎనిమిది ఓమ్‌ల స్పీకర్ ముందు అది ఒక శాతం. శబ్దంలో తగ్గుదల డెసిబెల్‌లో పదో వంతు కూడా ఉండదు. ఎంత తర్ఫీదు పొందిన చెవి అయినా, ఎంత నిశ్శబ్దమైన గదిలో అయినా, రెండు శబ్దాల హెచ్చుతగ్గులను పట్టుకోవాలంటే పావు డెసిబెల్ దరిదాపుల తేడా కావాలి. అయితే తీగ ఏదైనా ఒకటే అనడం కూడా తప్పే. దారంలా సన్నని 24 గేజ్ తీగ వేసి నాలుగు ఓమ్‌ల స్పీకరుకు కలిపితే అదే దూరానికి ఒకటిన్నర డెసిబెల్‌కు పైగా పోతుంది. అది వినిపిస్తుంది. కనక తగినంత లావు ఉండాలి, దూరం పెరిగితే లావూ పెరగాలి. ఆ హద్దు దాటాక ఇంకా ఎంత పెట్టినా కొనుక్కునేది వినిపించని దాన్నే. పైగా ఆ సంకేతం తీగ దాటి ఎక్కడికి వెళుతుంది? స్పీకర్ లోపలి కాయిల్లోకి. అది వెంట్రుకకు కాస్త లావుగా ఉండే రాగి తీగను మీటర్ల కొద్దీ చుట్టి చేసినది. ఎనిమిది ఓమ్‌ల స్పీకర్‌లో దాని నిరోధమే సుమారు ఆరు ఓమ్‌లు. ఆరు ఓమ్‌ల మామూలు రాగికి ముందు 0.08 ఓమ్‌ల రాగిని వజ్రంలా సానబెట్టి ప్రయోజనమేమిటో అమ్మేవాళ్ళు చెప్పరు. ఆ పాటను రికార్డు చేసిన స్టూడియోలో అది మైకు నుంచి డెస్కుకు, డెస్కు నుంచి రికార్డరుకు మామూలు కేబుళ్ళ మీదే ప్రయాణించిందన్న సంగతీ చెప్పరు.

చెప్పేది వేరే. అధిక పౌనఃపున్యాల దగ్గర విద్యుత్తు తీగ ఉపరితలం మీదే పారుతుందంటారు. నిజమే, 20,000 హెర్ట్‌జ్ దగ్గర రాగిలో ఆ లోతు అర మిల్లీమీటరుకు కొంచెం తక్కువ. దానివల్ల మన 0.08 ఓమ్ కాస్తా 0.1 ఓమ్ అవుతుంది, అదీ నలభై దాటిన చాలామందికి వినిపించనే వినిపించని స్థాయిలో. ఆక్సిజన్ లేని రాగి అంటారు. వాహకతలో దానికీ మామూలు విద్యుత్ రాగికీ ఉన్న తేడా ఒక శాతం. వెండి అంటారు. వెండి రాగికన్నా అయిదారు శాతం మెరుగైన వాహకం. ఆ మెరుగు కావాలంటే రాగి తీగే అయిదారు శాతం లావుది తీసుకుంటే సరిపోతుంది. తీగ మీద బాణం గుర్తు వేసి, సంగీతం ఆ దిక్కుగానే పారాలంటారు. ఆడియో సంకేతమే ఏకాంతర విద్యుత్తు. సెకనుకు వందల సార్లు, వేల సార్లు దిక్కు మార్చుకునే దానికి బాణంతో పనేముంది? ఇవన్నీ అచ్చమైన అబద్ధాలయితే ఖండించడం తేలికయ్యేది. చాలావరకు ఇవి నిజాలే. రేడియో తరంగాల దగ్గరో, వందల మైళ్ళ టెలిఫోన్ లైన్ల దగ్గరో అక్కరకొచ్చే నిజాలు. వాటిని పరిమాణం చెప్పకుండా అయిదు మీటర్ల స్పీకర్ తీగకు అంటగట్టడంలో ఉంది కిటుకంతా. గ్రహాల ఆకర్షణ మన మీద ఉందనే మాట కూడా ఇలాంటి నిజమే. ఎంత ఉంది అని అడిగేదాకా జ్యోతిష్యానికి అది ఆధారంలాగే కనిపిస్తుంది.

కరెంటు తీగలదీ ఇదే దారి. విద్యుత్ కేంద్రం నుంచి సబ్‌స్టేషన్‌కు, అక్కణ్ణుంచి వీధి ట్రాన్స్‌ఫార్మరుకు, స్తంభాల మీది అల్యూమినియం తీగల మీదుగా మైళ్ళు నడిచి గోడ లోపలి వైరింగులోంచి వచ్చిన కరెంటును, ప్లగ్గు నుంచి యాంప్లిఫయర్ దాకా ఉన్న చివరి మీటరున్నర తీగ పవిత్రం చేస్తుందట. ఆ యాంప్లిఫయర్ లోపల మొదట జరిగేదే ఆ కరెంటును డీసీగా మార్చి కెపాసిటర్లలో నింపుకోవడం. డిజిటల్ తీగల దగ్గరికి వచ్చేసరికి ఈ నమ్మకం మొహమాటం కూడా వదిలేసింది. డెనాన్ కంపెనీ మీటరున్నర నెట్‌వర్క్ తీగను 499 డాలర్లకు అమ్మింది, దాని మీద బాణం గుర్తులతో సహా. సున్నాలు, ఒకట్లుగా వెళ్ళే సమాచారం చేరితే చేరుతుంది, చెడితే పాట తెగుతుంది, టిక్కుమంటుంది. సున్నా మరింత వెచ్చగా, ఒకటి మరింత మృదువుగా చేరడం అనేది ఉండదు.

మరి అంతమంది తేడా విన్నామంటున్నారు, వాళ్ళంతా అబద్ధాలకోరులా? కాదు. ఈ వాదంలో అసలు చూడవలసింది ఇక్కడే ఉంది. 1976లో హ్యారీ మెక్‌గర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ ఒక విచిత్రం ప్రకటించారు. ఒక మనిషి 'గ' అంటున్నట్టు పెదాలు కదులుతున్న చిత్రానికి 'బ' అన్న శబ్దం జోడిస్తే, చూసేవాళ్ళలో చాలామందికి 'డ' అని వినిపిస్తుంది. కళ్ళు మూసుకుంటే 'బ'. సంగతి తెలిశాక కూడా కళ్ళు తెరిస్తే మళ్ళీ 'డ' అనే వినిపించడం ఇందులో విశేషం. అంటే వినడం చెవి ఒక్కదాని పని కాదు, కన్నూ జ్ఞాపకమూ ఆశా కలిసి చేసే పని. కాలిఫోర్నియాలో చేసి 2008లో ప్రకటించిన ఒక ప్రయోగంలో ఒకే ద్రాక్షసారాయిని రెండు ధరలు చెప్పి తాగించారు. ఎక్కువ ధర చెప్పినప్పుడు ఎక్కువ బాగుందన్నారు. మెదడును స్కాన్ చేసి చూస్తే ఆనందానికి సంబంధించిన భాగం నిజంగానే ఎక్కువ చురుగ్గా ఉంది. వాళ్ళు నటించలేదు, నిజంగానే ఆనందించారు. ఆ ఆనందం సీసాలోంచి రాలేదు, అంతే. మూడు లక్షల తీగ బిగించి కూర్చున్న మనిషి వయొలిన్‌లో కొత్త తళుకు విన్నానంటే ఆ అనుభవాన్ని మనం కాదననక్కర్లేదు. దాని కారణం తీగలో ఉందన్న నిర్ధారణనే కాదనాలి.

నిపుణులు కదా, వాళ్ళు మోసపోతారా అనే మాటకు చరిత్రలో జవాబుంది. 1903లో ఫ్రాన్స్‌లోని నాన్సీలో రెనె బ్లాన్‌లో అనే పేరున్న భౌతిక శాస్త్రవేత్త ఎన్-కిరణాలు కనుక్కున్నానన్నాడు. చీకటి గదిలో, తర్ఫీదైన కంటికి మాత్రమే ఆనే సన్నని మెరుపు వాటికి సాక్ష్యం. ఎందరో శాస్త్రజ్ఞులు తామూ చూశామన్నారు. 1904లో అమెరికా నుంచి రాబర్ట్ వుడ్ వెళ్ళి, ప్రయోగం మధ్యలో ఆ చీకట్లోనే పరికరంలోని పట్టకాన్ని చడీచప్పుడు లేకుండా తీసేశాడు. పట్టకం లేకుండా కిరణాలు విడిపోవు. అయినా చూసేవాళ్ళు ఎప్పటి కొలతలే చదివారు. వాళ్ళు మోసగాళ్ళు కారు, మూర్ఖులు అంతకన్నా కారు. చెవి విషయంలో పట్టకం తీసెయ్యడం అంటే ఏ తీగ బిగించి ఉందో వినేవాడికీ, పక్కనున్నవాడికీ తెలియకుండా చెయ్యడమే. 1980ల మొదట్లోనే అందుకు ఏబీఎక్స్ అనే పద్ధతి వాడుకలో ఉంది. 1983లో స్టీరియో రివ్యూ పత్రికకోసం లారెన్స్ గ్రీన్‌హిల్ స్పీకర్ తీగల మీద ఇలాంటి పరీక్ష చేశాడు. ఏకధాటి హోరులాంటి పరీక్ష శబ్దం వినిపించినప్పుడు సన్నని 24 గేజ్ తీగను పట్టుకోగలిగారు. సంగీతం వినిపించినప్పుడు ఖరీదైన మాన్‌స్టర్ కేబుల్‌కూ మామూలు 16 గేజ్ తీగకూ తేడా చెప్పలేకపోయారు. లెక్క ఏం చెప్పిందో చెవీ అదే చెప్పింది.

దీనికి రెండు అభ్యంతరాలు తరచు వస్తాయి. మొదటిది, పరీక్ష అనగానే మనిషి కంగారు పడతాడు, సున్నితమైన తేడాలు జారిపోతాయి. కానీ ఇవే పరీక్షల్లో, ఇవే కంగారు చెవులు, శబ్దాన్ని కుదించే పద్ధతుల్లోని అతి చిన్న లోపాలను పట్టుకున్నాయి. ఎంపీ3లాంటి పద్ధతులను మెరుగుపరిచింది ఇలాంటి పరీక్షలతోనే. కంగారు అన్నిటినీ వదిలి ఒక్క తీగల మీదే పగబట్టదు కదా. అయినా కంగారే సమస్య అయితే ఇంట్లోనే, తీగల మీద గుడ్డ కప్పి, వారం వారం ఎవరో ఒకరు మార్చి రాసి పెట్టుకుంటే తీరిగ్గా వినొచ్చు. రెండోది, కొలతలకు అందనిది చెవికి అందుతుంది. తీగకు ఉన్నవి రెండు కొసలు. ఒక కొసన వెళ్ళిన సంకేతంలోంచి రెండో కొసన వచ్చినదాన్ని తీసేస్తే మిగిలిందే తీగ చేసిన మార్పు. చెవికి అందేదానికన్నా ఎంతో తక్కువ స్థాయిల దాకా పరికరాలు దాన్ని చూపిస్తాయి. అక్కడ ఏమీ మిగలకపోతే చెవికి చేరడానికి ఏమీ లేదు. ఇవి చెల్లకపోతే చివరి ఆయుధం తీస్తారు: మీ సెట్టు అంత సూక్ష్మంగా చూపించదు, మీ చెవికి తర్ఫీదు లేదు. పూజ ఫలించకపోతే భక్తుడి మడిలో లోపం వెతికే ఆచారం ఇదే.

ఆచారాలు కూడా తక్కువేం లేవు. కొత్త తీగను వంద, రెండు వందల గంటలు వాయించి 'పండించాలి' అంటారు. ఆ గంటల్లో రాగిలో ఏ మార్పూ రాదు. వినే మనిషి అలవాటు పడతాడు, ఈలోగా వాపసు ఇచ్చే గడువు దాటుతుంది. తీగ నేలకు తాకకూడదని దాని కింద పెట్టడానికి పీటలు అమ్ముతారు. అన్నిటికన్నా నాకు ఆసక్తిగా తోచేది సెట్టు ఖరీదులో పదో వంతు తీగలకు పెట్టాలనే సూత్రం. యాభై వేల సెట్టుకు అయిదు వేలు, పది లక్షల సెట్టుకు లక్ష. ఓమ్ సూత్రానికి యాంప్లిఫయర్ ధర తెలియదు. దానికి తెలిసినవి దూరం, లావు, స్పీకర్ నిరోధం, ఇంతే. యజమాని స్థోమతను బట్టి పెరిగే రుసుము అవసరాన్ని చూసి వేసింది కాదు, దక్షిణ పద్ధతిలో వేసింది.

పోనీ ఎవరి డబ్బు వాళ్ళది, ఆనందం కలుగుతోందిగా, మీకేం నష్టం అంటారు. నగలా, పట్టుచీరలా కొనుక్కుంటే నిజంగానే ఎవరికీ నష్టం లేదు. అల్లిక అందంగా ఉంటుంది, కనెక్టర్లు మెరుస్తాయి. కానీ వాటిని అమ్మేది అందం పేరు చెప్పి కాదు, భౌతిక శాస్త్రం పేరు చెప్పి. జీతం రాళ్ళలోంచి దాచుకుని మొదటి సెట్టు కొనుక్కునే కుర్రవాడి దగ్గర, మంచి స్పీకరుకు వెళ్ళాల్సిన పది వేలు ఈ పేరుతోనే తీగలకు మళ్ళుతున్నాయి. స్పీకరుకూ స్పీకరుకూ ఉన్న తేడా తీగలకు చెప్పే తేడాకన్నా వందల రెట్లు పెద్దది, అది ఎవరికైనా వినిపిస్తుంది.

తీగ విషయంలో పట్టించుకోవలసినవి లేకపోలేదు, అవి చప్పగా ఉంటాయి. గ్రామఫోన్ రికార్డుల సూది నుంచి వచ్చే బలహీనమైన సంకేతానికి తీగ కెపాసిటెన్స్ నిజంగానే లెక్కలోకి వస్తుంది. యాంప్లిఫయర్ దాకా వెళ్ళే సన్నని సంకేతాల తీగకు షీల్డింగ్ బాగుండాలి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్ళలో కనెక్టర్లకు చిలుము పడుతుంది, దాన్ని తుడిచి బిగిస్తే శబ్దం బాగుపడుతుంది. తీగ మార్చగానే మెరుగైందనుకున్న సందర్భాల్లో కొన్ని ఇలా చిలుము వదిలినవే అయి ఉంటాయి. మన ఇళ్ళలో ఎక్కువగా బాధించే 50 హెర్ట్‌జ్ 'బుయ్' శబ్దానికి మూలం చాలాసార్లు ఎర్తింగ్ లేకపోవడమో, టీవీ పెట్టె, యాంప్లిఫయర్ వేరు వేరు దారుల్లో ఎర్త్ కావడమో. దానికి ఎలక్ట్రీషియన్ కావాలి. వీటన్నిటికన్నా పెద్దది గది. గ్రానైట్ నేల, సిమెంటు గోడలు, ఎత్తు కప్పు ఉన్న మన హాళ్ళలో ప్రతి స్వరం నాలుగు సార్లు తిరిగి వస్తుంది. నేల మీద జంపఖానా, కిటికీకి మందపాటి పరదా, ఎదుటి గోడకు పుస్తకాల అలమర పెడితే ఆ ప్రతిధ్వని తగ్గుతుంది. స్పీకరును మూల నుంచి ఒక అడుగు ఇవతలికి లాగితే కింది స్థాయి స్వరాలు కొన్నిచోట్ల చాలా డెసిబెళ్ళ మేరకు మారిపోతాయి. లాగడానికి ఇంకో అడుగు తీగ కావాలి. ఇంటి వైరింగు సామాను అమ్మే కొట్లో అది మీటర్ల లెక్కన దొరుకుతుంది.