గోడ దాటని మాట

1895లో కలకత్తా టౌన్‌హాలులో జగదీశ్ చంద్ర బోసు ఒక ప్రయోగం చేసి చూపారు. తీగ అనేది లేకుండా, ఒకచోట పుట్టిన విద్యుదయస్కాంత తరంగాలు గోడలు దాటివెళ్లి గంట మోగించాయి, తుపాకిమందును పేల్చాయి. దారిలో ఆసీనుడైన లెఫ్టినెంట్ గవర్నరు భారీ దేహం కూడా వాటికి అడ్డు కాలేదని ఆయన జీవితచరిత్ర చెబుతుంది.

మా ఇంట్లో మాత్రం వీథిగదిలోని రౌటరు నుంచి వెనుక గదికి ముప్పై అడుగులు దాటడమే గగనమైంది. అమెరికాలోని మా అబ్బాయి ఫోను తెరపై కనబడి ‘నాయనమ్మా’ అనేలోగా బొమ్మ బిగుసుకుపోయేది. మా అమ్మకు వినికిడి తక్కువ. పెదవుల కదలికను బట్టి మాట గ్రహిస్తుంది. బొమ్మ ఆగితే ఆమెకు మాటే ఆగినట్లు.

ఖరీదైన కొత్త రౌటరు కొనబోతూ, పాతది ఉన్న చోటును పరిశీలించి సిగ్గుపడ్డాను. నేలకు జానెడు ఎత్తున, టెలివిజను వెనుక, ఇనుప బీరువా చాటున ఉంది! లోహం ఈ తరంగాలను వెనుకకు మరలిస్తుంది. నిలువుటద్దం వెనుక పూతా లోహమే. నీరు వీటిని పీల్చుకుంటుంది గనుక చేపలతొట్టె కూడా అవరోధమే. చెక్కతలుపు అంతగా బాధించదు. ఇటుకగోడ కొంత, ఇనుప చువ్వల కాంక్రీటు మరింత హరిస్తాయి. గోడను ఏటవాలుగా దాటవలసివస్తే దాని మందం పెరిగినట్లే.

రౌటరును ఇంటి నడుమనున్న నడవలో, తలయెత్తు అరమీదికి మార్పించాను. ఏంటెనాలను నిటారుగా నిలిపాను. వాటి శక్తి ప్రక్కలకు ప్రసరిస్తుందే గాని కొనవైపు కాదు. మేడ ఉన్నవారు ఒకదానిని అడ్డంగా వాల్చి చూడవచ్చు.

నేటి రౌటర్లు చాలావరకు 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు పౌనఃపున్యాలపై పనిచేస్తాయి. మొదటిదాని తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు, రెండవదానిది 6. దగ్గరలో వేగానికి రెండవది మేలు. గోడలు దాటడానికి మొదటిదే. అమ్మ ఫోనును మొదటిదానికి కలిపాను. మైక్రోవేవ్ పొయ్యి పనిచేసేదీ ఆ పౌనఃపున్యం చెంతనే కాబట్టి, కూర వేడెక్కేదాకా కొంత ఓర్పు అవసరం.

ఇంతచేసినా చాలని పెద్ద ఇళ్లలో రిపీటరు పెడతారు. సిగ్నలు అందని గదిలోనే దానిని ఉంచడం పొరపాటు. తనకే వినబడనిదాన్ని అది తిరిగి ఎలా చెబుతుంది? సిగ్నలు ఇంకా బలంగా ఉన్న నడిదారిలో ఉంచాలి. దానికన్న నమ్మకమైన మార్గం, ఈథర్నెట్ తీగ లాగి దూరపు గదిలో రెండవ రౌటరు అమర్చుకోవడం. ఆ తీగ 100 మీటర్ల వరకు చక్కగా పనిచేస్తుంది. తీగలేని సాధనానికి తీగే మందు కావడం విడ్డూరమే!

మా ఇంటికి ఆ అవసరం రాలేదు. మొన్న ఆదివారం మా అమ్మ మనుమణ్ణి తేరిపార చూసి, ఆ గడ్డమేమిటని పావుగంట చీవాట్లు పెట్టింది.