హైడ్ పార్కులో మన చలివేంద్రం

ముందుగా ఏమీ అనుకోకుండా బయలుదేరిన ఒక ఆదివారం, లండనులోని హైడ్ పార్కులో మా కుటుంబానికి ఒక చిన్న రాయి కనిపించింది. దానిపై విజయనగరం మహారాజు పేరున్నది! ఆంధ్రదేశంలోని మన విజయనగరమే.

మురికినీటివలన లండనులో కలరా ప్రబలిన కాలమది. ప్రజలకు శుభ్రమైన నీరు ఉచితంగా అందించుటకు 1859లో ఒక సంఘం ఏర్పడి, నగరంలో రాతి చలివేంద్రాలు కట్టించసాగింది. 1867లో ఇక్కడ వెలసినది విజయరామ గజపతిరాజు గారి కానుక. 1964లో దానిని తొలగించారు. ఈ రాయి మిగిలింది.

రాయి చాలదని నా అభిప్రాయం. అది ఎవరి దాహమునూ తీర్చదు. ఆంగ్లలిపిలోని ఆ పొడవైన పేరును (మా నాన్నగారే తడబడ్డారు) బాటసారులు చదవనైనా చదవరు. ఆ చోటనే ఒక కొళాయి పెట్టి, తెలుగులోనూ ఆయన పేరు చెక్కించవలెను. మన తరగతి పిల్లలందరమూ కలిసి ఉద్యానవన అధికారులకు ఉత్తరం వ్రాద్దామా?