టీచర్ ఉద్యోగమైనా వీసా వీసానే: చైనా పోతామంటున్న పిల్లలకు మీరే చెప్పాలి



ఈ వారం మాట గల్ఫ్ గురించి కాదు, చైనా గురించి. చైనాతో మనకేం పని అనుకోకండి. మనలో చాలామంది ఇక్కడ ఎండలో కష్టపడి పిల్లల్ని డిగ్రీ, బీటెక్ చదివించారు. ఆ పిల్లలకు ఇప్పుడు ఫోన్‌లో ఇలాంటి ప్రకటనలు కనిపిస్తున్నాయి: "చైనాలో ఇంగ్లిష్ టీచర్లు కావాలి. డిగ్రీ చాలు, అనుభవం అక్కర్లేదు. రూము ఫ్రీ, టికెట్ ఫ్రీ." ఇంటి నుంచి మీకు ఫోన్ వస్తుంది. "నాన్నా, టీచర్ ఉద్యోగం. నీలాగా ఎండలో పని కాదు. ఏజెంటుకు కట్టాలి, పైసలు పంపు" అంటాడు. మీరేమో "వాడు చదువుకున్నోడు, నాకేం తెలుసు" అనుకుని అప్పు చేసి పంపిస్తారు.

నేను చెప్పేది ఒక్కటే. ఈ విషయంలో వాడికి తెలియంది మీకు తెలుసు. ఏజెంటు మాట, కాంట్రాక్టు, వీసా... ఇవి మీరు పదేళ్లుగా అనుభవంతో నేర్చుకున్న చదువు. చదువుకున్న కొడుకు ముందు, బిడ్డ ముందు మీరు ఊరుకోవద్దు.

*ఆ ఉద్యోగం ఎలా ఉంటుంది?*

ముందు ఉన్నది ఉన్నట్టు చెప్పుకుందాం. అది చెడ్డ ఉద్యోగం కాదు. చైనాలో టీచరును పిల్లలు 'లావోషీ' అని పిలుస్తారు, మర్యాద ఉంటుంది. గవర్నమెంటు స్కూల్లో అయితే ఒక్కో క్లాసులో 40 మందికి పైగా పిల్లలు ఉండొచ్చు. బయటి దేశం టీచరు చాలాచోట్ల ఒక్కో క్లాసుకు వారానికి ఒకటి రెండు పీరియడ్లే చెప్తాడు. అలా వందల మంది పిల్లలు చేతికింద ఉంటారు, పేర్లు కూడా గుర్తుండవు.

ట్యూషన్ సెంటర్లో లెక్క వేరు. పిల్లలు బడి అయ్యాకే వస్తారు కాబట్టి సాయంత్రాలు, శని, ఆదివారాలే అసలు డ్యూటీ. పాఠం ఒక్కటే కాదు, కొత్తగా వచ్చిన తల్లిదండ్రులకు డెమో క్లాసు కూడా చూపించాలి. కిండర్‌గార్టెన్‌లో 3 నుంచి 6 ఏళ్ల పిల్లలు ఉంటారు. పాటలు, ఆటలు, డాన్సు. పొద్దున్నే గేటు దగ్గర నిలబడి నవ్వుతూ పిల్లల్ని లోపలికి పిలవడం కూడా డ్యూటీలో భాగమే. అక్కడ టీచరు మొహం కూడా ఒక ప్రకటన. అందుకే కొందరు యజమానులు తెల్లవాళ్లే కావాలని బాహాటంగా అడుగుతారు. మన రంగు చూసి వెనక్కి పంపేవాళ్లూ ఉంటారు. ఇది పిల్లలకు ముందే తెలియాలి.

రూము స్కూలు ఇస్తుంది, లేదా అద్దె డబ్బులు ఇస్తుంది. ఇంట్లో దిగిన 24 గంటల్లో పోలీసుల దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి. పైసల లావాదేవీ అంతా ఫోన్‌లోనే. కూరగాయల బండి దగ్గర కూడా వీచాట్, అలీపే క్యూఆర్ కోడ్ ఉంటుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. దుబాయ్‌లో వాట్సాప్ కాల్ కలవదు గానీ మెసేజ్ పోతుంది. చైనాలో మెసేజ్ కూడా పోదు. వాట్సాప్, ఫేస్‌బుక్, గూగుల్ అక్కడ ఆపేశారు. వాళ్లు వాడే వీచాట్‌ను మన దేశం 2020లో నిషేధించింది. అంటే ఇంట్లో అమ్మకు రోజూ మొహం చూపించే దారి అంత తేలిగ్గా దొరకదు. పోయే ముందే ఈమెయిల్, మన సిమ్ రోమింగ్ ఏర్పాటు చేసుకోవాలి.

కాంట్రాక్టు, కంపెనీ రూము, వారాంతం డ్యూటీ, ఇంటి మీద బెంగ. ఇవన్నీ మీకు తెలిసినవే కదా? ఉద్యోగం మారాలంటే పాత స్కూలు ఇచ్చే రిలీజ్ లెటర్ కావాలి, వర్క్ పర్మిట్ రద్దు చేసినట్టు కాగితం కావాలి. మనం కఫీల్ దగ్గర ఎన్ఓసీ కోసం తిరిగినట్టే. టై కట్టుకున్నా వాడూ వలస కార్మికుడే.

*అసలు మెలిక వీసాలో ఉంది*

చైనాలో జీతానికి పని చేయాలంటే జెడ్ వీసా కావాలి. ముందు అక్కడి స్కూలు వర్క్ పర్మిట్ నోటిఫికేషన్ లెటర్ తెప్పించాలి. దాని మీద మన దేశంలో ఉండగానే జెడ్ వీసా వేయించుకోవాలి. దిగిన 30 రోజుల్లో రెసిడెన్స్ పర్మిట్‌కు దరఖాస్తు చేయాలి. అది మన అకామా లాంటిది. డిగ్రీ అటెస్టేషన్, పోలీస్ క్లియరెన్స్, మెడికల్ ఇవన్నీ అందులో భాగమే.

ఏజెంటు చెప్పని మాట ఇక్కడే ఉంది. చైనా రూలు ప్రకారం భాష నేర్పే విదేశీ టీచరు తన మాతృభాషే నేర్పాలి, ఆ భాష మాట్లాడే దేశంలోనే డిగ్రీ చేసి ఉండాలి. రెండేళ్ల అనుభవం కూడా అడుగుతారు. టెఫెల్ లాంటి సర్టిఫికెట్ ఉంటే అనుభవం విషయంలో సడలింపు దొరుకుతుంది గానీ మాతృభాష రూలు అలాగే ఉంటుంది. ఇంగ్లిష్ విషయంలో మామూలుగా లెక్కలోకి తీసుకునేది అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఐర్లాండ్, దక్షిణాఫ్రికా పాస్‌పోర్టులనే. మన పిల్లలు ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియమే చదివినా ఇండియా పాస్‌పోర్టు మీద ఈ పర్మిట్ రావడం చాలా కష్టం. ఇది న్యాయమా అంటే నా లెక్కలో కాదు. కానీ రూలు అదే. ఇంటర్నేషనల్ స్కూళ్లలో లెక్కలు, సైన్స్ చెప్పే ఉద్యోగాలకు బీఈడీ, అనుభవం ఉన్నవాళ్లకు దారి ఉంది. "డిగ్రీ చాలు" అన్నవాడు ఆ దారి చూపించడం లేదు.

మరి ఏం చూపిస్తాడు? "ముందు బిజినెస్ వీసా మీద పోండి, అక్కడికి పోయాక మార్పిస్తాం" అంటాడు. ఈ మాట మీరు ఎక్కడ విన్నారు? "విజిట్ వీసా మీద రా, ఇక్కడ అకామా కొట్టిస్తా" అన్నవాడి మాటే ఇది. ఆ మాట నమ్మి ఖల్లివెల్లి అయినవాళ్లు మన రూముల్లోనే ఉన్నారు.

చైనాలో పర్మిట్ లేకుండా పని చేస్తే 5,000 నుంచి 20,000 యువాన్ల జరిమానా. తీవ్రమైన కేసయితే దాంతోపాటు 5 నుంచి 15 రోజులు నిర్బంధం. దేశం నుంచి పంపేయొచ్చు కూడా. జీతం ఎగ్గొడితే ఫిర్యాదు చేయడానికీ బలం ఉండదు. పర్మిట్ లేని పనిని అక్కడి కోర్టు ఉద్యోగంగా ఒప్పుకోదు. మన ఊళ్ల నుంచి ఎంబీబీఎస్ కోసం చైనా పోయిన పిల్లలకు కూడా ఇది వర్తిస్తుంది. స్టూడెంట్ వీసా మీద ఉండి, అనుమతి లేకుండా కిండర్‌గార్టెన్‌లో పాఠాలు చెప్తే అదీ దొంగ పనే అవుతుంది. చదువే పోతుంది.

పైగా ఆ రంగం ఇదివరకటిలా లేదు. 2021 జూలైలో చైనా ప్రభుత్వం 1 నుంచి 9వ తరగతి పిల్లలకు లాభం కోసం బడి సబ్జెక్టుల ట్యూషన్ చెప్పడం ఆపేసింది. అందులో ఇంగ్లిష్ కూడా ఉంది. పెద్ద పెద్ద కంపెనీలే మూతపడ్డాయి. పుట్టే పిల్లలు తగ్గి కిండర్‌గార్టెన్లూ మూతపడుతున్నాయి. సరైన పాస్‌పోర్టు ఉన్నవాళ్లే ఉద్యోగం వెతుక్కుంటున్న చోట, కాగితం లేని మన పిల్లాడికి ఎలాంటి యజమాని దొరుకుతాడో మీరే ఆలోచించండి.

*డిగ్రీ ఉన్నవాడికి కాపలా తక్కువ*

పదో తరగతి లేకుండా గల్ఫ్ వచ్చినవాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ఉంటుంది. అందుకే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ దగ్గర కాంట్రాక్టు చూస్తారు. అది తలనొప్పి అని మనం తిట్టుకుంటాం. కానీ డిగ్రీ చదివిన పిల్లాడికి ఆ క్లియరెన్స్ అక్కర్లేదు. క్లియరెన్స్ అడిగే దేశాల లిస్టులో చైనా లేనే లేదు. అంటే విమానం ఎక్కేలోపు వాడి కాంట్రాక్టు చూసే అధికారి ఎవరూ లేరు. ఆ పని ఇంట్లోవాళ్లే చేయాలి. అందుకే మీ మీద ఈ బాధ్యత పెడుతున్నా.

పిల్లల్ని ఆపమని నేను అనడం లేదు. లోకం చూడాలన్న ఆశ తప్పు కాదు, మనమూ ఆ ఆశతోనే వచ్చాం. పైసలు పంపే ముందు ఈ ఐదు అడగండి:

1. వీసా మీద ఏ అక్షరం ఉంది? జెడ్ కాకపోతే ఆగండి.
2. వర్క్ పర్మిట్ నోటిఫికేషన్ లెటర్ వచ్చిందా? అందులో ఉన్న స్కూలు పేరు, కాంట్రాక్టులో పేరు ఒకటేనా?
3. పర్మిట్‌లో రాసిన పని ఏంటి? చేయబోయే పని అదేనా?
4. ఏజెంటు ఈ-మైగ్రేట్‌లో రిజిస్టర్ అయ్యాడా? రిజిస్టర్ అయిన ఏజెంటు తీసుకోవాల్సిన ఫీజు ఎక్కువలో ఎక్కువ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. లక్షలు అడిగితే రసీదు అడగండి. రసీదు ఇవ్వనంటే అక్కడే తెలిసిపోతుంది.
5. పని మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి? రిలీజ్ లెటర్ ఎన్ని రోజుల్లో ఇస్తారు?

చైనాలో ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు ఎవరైనా ఉంటే భయపడి దాక్కోవద్దు. బీజింగ్‌లో మన ఎంబసీ, షాంఘై, గ్వాంగ్‌జౌలో కాన్సులేట్లు ఉన్నాయి. ఇంటి దగ్గర నుంచి మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు.

ఇంట్లో ఎవరికైనా ఇలాంటి ఆఫర్ వచ్చి ఉంటే ఈ రోజే ఫోన్ చేసి మాట్లాడండి. ఆఫర్ లెటర్, వీసా కాపీ మన గ్రూపు అడ్మిన్లకు పంపండి, కూర్చుని చదివి చెప్తాం. కాకపోతే పైసలు కట్టకముందే పంపండి.