35 శాతం మూఢనమ్మకం

మొన్న శనివారం రాత్రి డల్లాస్‌లో మా చుట్టాలింటి గరాజ్‌లో పేకాట. ఆరుగురం తెలుగువాళ్లం, ఒక టేబుల్ ఫ్యాన్, పళ్లెం నిండా పకోడీలు, హోల్డెమ్ పోకర్. నా చేతిలో రెండు ఆఠీన్లు, బల్ల మీద పరిచిన మొదటి మూడు ముక్కల్లో, అంటే ఫ్లాప్‌లో, ఇంకో రెండు. పాట్‌లో 40 డాలర్లున్నాయి. ఎదుటాయన ఇంకో 40 పెట్టాడు. నేను పడేశాను. మా బావమరిది ఆగలేక నా ముక్కలు తిరగేసి చూశాడు. "ఇదేంటి బావగారూ, ఫ్లష్ డ్రా పడేశారా? 35 శాతం ఛాన్సండీ! ఈమాత్రం దానికి పేకాటెందుకు, వెళ్లి పడుకోండి" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకింకా అరగలేదు. అందుకే ఈ వ్యాసం.

ఈ 35 మనవాళ్లకు తాయెత్తయిపోయింది. ఫ్లష్‌కు ఒకే రంగు ముక్కలు ఐదు కావాలి; నాలుగు కనబడితే చాలు, దాన్ని మెళ్లో కట్టుకుని ఎంత పందానికైనా దూకుతారు. అంకె అబద్ధం కాదు. కనబడని ముక్కలు 47, అందులో ఆఠీన్లు 9. టర్న్, రివర్, అంటే నాలుగో, ఐదో ముక్కలు రెండూ చూస్తే వాటిలో కనీసం ఒక ఆఠీను పడే అవకాశం 35 శాతమే. కానీ ఆ 40 డాలర్లకు రెండు ముక్కలూ చూపిస్తానని ఎవడు మాటిచ్చాడు? ఆ డబ్బుతో కొన్నది ఒక్క టర్న్ ముక్క. దానికి అవకాశం 19 శాతం. 80 కోసం 40 పెట్టాలంటే 33 శాతం కావాలి. టర్న్‌లో ఆఠీను పడలేదనుకోండి, పాట్ 120కి పెరుగుతుంది, ఎదుటాయన మళ్లీ 120 పెడతాడు. ఇప్పుడు కూడా 33 కావాలి, మన దగ్గరున్నది 20కి ఓ పిసరు తక్కువ. రెండు ముక్కల అవకాశం లెక్కేసుకుని ఒక్క ముక్క కొనడం, ఎకరం ఖరీదిచ్చి అరెకరం రిజిస్ట్రేషన్ చేయించుకోవడం లాంటిది. ఎదుటాయన దగ్గర ఆ 40 తప్ప పైసా లేకపోతే 35 పనికొస్తుంది, ఒప్పుకుంటాను. ఆ రాత్రి ఆయన ముందు చిప్స్ గోపురంలా ఉన్నాయి.

అసలు ఈ రోగం పోకర్‌తో అంటుకోలేదు, రమ్మీ నుంచి వచ్చింది. మనం పేకాట నేర్చుకున్నది పెళ్లిళ్లలో, సంక్రాంతి సెలవుల్లో, పదమూడు ముక్కలతో. అక్కడ వంతు వచ్చినప్పుడల్లా పేకలోంచి ముక్క ఊరికే వస్తుంది. ఎంత ఘోరంగా ఓడినా 80 పాయింట్లకు మించి పోదు. మొదట్లోనే డ్రాప్ అయితే 20, మధ్యలో అయితే 40. అందుకే రమ్మీలో కాచుకు కూర్చోవడం ఓ గొప్ప గుణం. "వస్తుందిలే ముక్క" అంటూ జోకర్ కోసం ఎదురుచూసిన మా మేనమామ మహానుభావుడే. పోకర్‌లో ప్రతి ముక్క ముందూ ఓ టోల్‌గేటుంది. ఆ ఓపికే అక్కడ జేబు ఖాళీ చేస్తుంది.

మాటొచ్చింది గనక చెబుతాను. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ పేకాటను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించినప్పుడు "ఇది స్కిల్ గేమ్" అని గొంతు చించుకున్నవాళ్లూ ఈ 35 శాతం భక్తులే. 1968లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ సత్యనారాయణ అనే ఆయనకూ నడిచిన కేసులో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యం ఆటే అన్నది. ఎందుకని? పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది అట్టేపెట్టుకోవాలో ఏది పారేయాలో తెలియాలి, అందుకని. పారేయడం కూడా విద్యేనన్న సంగతి మనవాళ్లు చెవిన పెట్టలేదు.

ఇంకో రకం వీరులున్నారు. వీళ్లకు కాల్ చేయడం నామోషీ, డ్రా వస్తే రెయిజే. "సెమీ బ్లఫ్" అంటారు. డేవిడ్ స్క్లాన్‌స్కీ పుస్తకాల్లోంచి వచ్చిన ఆ మాటను, పుస్తకం తెరవకుండానే పట్టుకున్నారు. అడిగితే 2003 వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ఫైనల్ వీడియో చూపిస్తారు. క్రిస్ మనీమేకర్‌కు టర్న్‌లో ఇస్పేటు ఫ్లష్‌కూ స్ట్రెయిట్‌కూ రెంటికీ దారి ఉంది. రివర్‌లో ఏదీ పడలేదు. అయినా ఉన్న చిప్సన్నీ తోశాడు. తొమ్మిదుల జత పట్టుకున్న సామ్ ఫర్హా ఆలోచించి, ఆలోచించి పడేశాడు. మనీమేకర్ 25 లక్షల డాలర్లతో ఇంటికెళ్లాడు. బాగుంది. కానీ ఆ ఎత్తు పారింది ఫర్హాకు పడేయడం తెలుసు గనక. మా గరాజ్‌లో రెండుల జత దొరికినవాడు కూడా ఇల్లు అమ్మయినా కాల్ చేస్తాడు. పడేయనివాడి మీద బ్లఫ్ చేస్తే అది ధైర్యం కాదు, దానం.

"ముక్క పడ్డాక ఇంకా డబ్బు లాగుతాం కదా" అనేవాళ్లకు ఒక్క మాట. బల్ల మీద మూడు ఆఠీన్లు కనబడ్డాక చిన్నపిల్లాడు కూడా చెయ్యి వెనక్కి తీసుకుంటాడు.

మరి డ్రా వస్తే ఎప్పుడూ పడేయమంటారా అని అడుగుతారు. లేదు. పందెం పాట్‌లో నాలుగో వంతైతే నేనూ చూస్తాను. ఎదుటివాడు బెదిరే మనిషైతే నేనూ రెయిజ్ చేస్తాను. ఫ్లాప్‌లోనే ఫ్లష్‌కూ, రెండు కొసలా స్ట్రెయిట్‌కూ దారి ఉంటే 15 ముక్కలు మనవి, 54 శాతం, అప్పుడు నన్నెవరూ ఆపలేరు. మిగతాది మనిషిని బట్టి, కూర్చున్న చోటును బట్టి ఉంటుంది, కాగితం మీద పెట్టడం కష్టం.

ఆ రాత్రే గంట తర్వాత మా బావమరిదికి అచ్చం అలాంటి చెయ్యే వచ్చింది. 40 కట్టాడు, ఆపైన 120 కట్టాడు, రివర్‌లో కళావరు పడింది. "బ్యాడ్ లక్ బావగారూ" అన్నాడు. ఐదుసార్లలో నాలుగుసార్లు జరిగేదాన్ని దురదృష్టం అనరు నాయనా, లెక్క అంటారు.