గంట విమానం కాదు, ఒక పూట ప్రయాణం



ఒక సైటులో పని అయిపోయి ఇంకో ఊరి సైటుకు పంపేటప్పుడు మనకు చెప్పే మాట ఒకటే: "ఎంతసేపు, గంట ఫ్లైటే కదా." ఆ మాట పట్టుకుని బయలుదేరితే పూట గడిచిపోతుంది. పూట పోతే పోయింది, దానికి రావలసిన డబ్బు కూడా పోతోంది. బాధ అక్కడ.

పశ్చిమ టెక్సాస్ చూడండి. లబక్ నుంచి మిడ్‌ల్యాండ్ రోడ్డు మీద దాదాపు 120 మైళ్లు, కారులో రెండు గంటలు. రెండు ఊళ్లకూ ఎయిర్‌పోర్టు ఉంది. కానీ విమానంలో పోవాలంటే డల్లాస్ వెళ్లి మారాలి. లబక్ నుంచి డల్లాస్ సుమారు 280 మైళ్లు, అక్కణ్ణుంచి మిడ్‌ల్యాండ్ సుమారు 310. ఖమ్మం నుంచి వరంగల్‌కు హైదరాబాద్ మీదుగా పోయినట్టు!

ఇప్పుడు టైము లెక్క వేయండి. ఎయిర్‌పోర్టుకు గంటన్నర ముందు చేరాలి. ఏడు అంగుళాలు దాటిన పనిముట్లు, డ్రిల్లు లాంటి కరెంటు మిషన్లు చేతి బ్యాగులో రానివ్వరు, లగేజీలో వేయాలి. మొదటి విమానం గంటా పది నిమిషాలు, డల్లాస్‌లో గంటన్నర, రెండోది ఇంకో గంటా పది, దిగాక లగేజీకి అరగంట. మొత్తం ఆరు గంటలకు పది నిమిషాలు తక్కువ. అదీ ఏ విమానమూ ఆలస్యం కాకుంటే.

ఇంకో తిరకాసు ఉంది. టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు. ఎల్ పాసో గడియారం డల్లాస్ కంటే గంట వెనక. ఉదయం 8కి డల్లాస్‌లో ఎక్కి 8:45కి ఎల్ పాసోలో దిగినట్టు టికెట్‌లో ఉంటే, అది ముప్పావు గంట కాదు, గంటా ముప్పావు.

ఈ లెక్క ఎందుకంటే, ఇది జీతం లెక్క. అమెరికా కేంద్ర కార్మిక చట్టం ప్రకారం, గంటల లెక్కన జీతం తీసుకునేవాణ్ణి పని మీద వేరే ఊరు పంపి రాత్రి అక్కడే ఉండమంటే, మామూలు పనివేళల్లో చేసిన ప్రయాణం పని కిందే లెక్క. సెలవు రోజైనా అంతే. మీ పని సోమవారం నుంచి శుక్రవారం దాకా 7 నుంచి 3:30 అనుకోండి. ఆదివారం ఉదయం 9కి విమానం ఎక్కిస్తే, 3:30 లోపు ప్రయాణానికి డబ్బు ఇవ్వాలి, భోజనం టైము తీసేసి. వారంలో 40 గంటలు దాటితే ఓవర్‌టైమ్‌కూ అది కలుస్తుంది. పనివేళలు దాటాక ఊరికే సీట్లో కూర్చుని పోయినదానికి మాత్రం ఇవ్వాలని లేదు. కానీ కంపెనీ బండి మిమ్మల్నే నడపమంటే అది పనే.

కాబట్టి మూడు పనులు చేయండి. టికెట్ చేతికి రాగానే ఎక్కడ మారాలో చూడండి. బయలుదేరిన టైము, చేరిన టైము రాసుకోండి, బోర్డింగ్ పాస్ ఫోటో తీసి పెట్టుకోండి. ఆ వారం పేస్లిప్ వచ్చినప్పుడు ఆ గంటలు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే ముందు మర్యాదగా అడగండి. వినకపోతే కార్మిక శాఖ వేజ్ అండ్ అవర్ విభాగం ఉంది, నంబరు 1-866-487-9243. వీసా ఏదైనా ఫిర్యాదు చేయొచ్చు, పేరు బయటపెట్టరు. ఫిర్యాదు చేశాడని పనిలోంచి తీసేయడం చట్టవిరుద్ధం.

పంపేవాడికి టికెట్ మీది గంటే కనిపిస్తుంది. మిగతా గంటలు గడిపింది మనం. రాసి పెట్టాల్సిందీ మనమే.