బేరమే ఆడలేదా... అయితే ఆలోచించండి!

పాత స్కూటరు అమ్మాలంటే ఒకప్పుడు తిరుపతిలో దారులు రెండే. తెలిసిన మెకానిక్ చెవిన ఓ మాట వేయడం, లేదంటే ఆటో కన్సల్టెన్సీ ముందు బండి నిలబెట్టడం. వాళ్లు టైర్లు తన్ని చూసేవారు. కిక్కు కొట్టి, పొగ చూసి, పెదవి విరిచి సగం ధర చెప్పేవారు. పైన కమిషను. ఒళ్లు మండేది నిజమే కానీ, కొన్నదెవరో, ఏ వీధిలో ఉంటారో తెలిసేది. ఇప్పుడా తిప్పలేమీ లేవు. సెల్‌ఫోన్‌తో నాలుగు ఫొటోలు తీసి ఓఎల్ఎక్స్ లాంటి సైట్లో పెడితే చాలు. కాఫీ తాగి గ్లాసు కింద పెట్టేలోపే ఫోను మోగుతుంది.

ఆ మొదటి ఫోనుతోనే జాగ్రత్త!

నిజంగా కొనేవారికి సవాలక్ష సందేహాలుంటాయి. ఎన్ని కిలోమీటర్లు తిరిగింది? ఇన్సూరెన్సు ఎప్పటిదాకా ఉంది? ఎక్కడైనా పడిందా? చివర్లో 'ఓ ఐదు వేలు తగ్గించుకోండి సార్' అన్న మాట ఎటూ ఉంటుంది. మోసగాడికి వీటిలో ఒక్కటీ అక్కర్లేదు. చెప్పిన ధరకు సరేనంటాడు. బండి కూడా చూడనంటాడు. పైగా ఇతరులకు అమ్మేస్తారేమోనని ఇప్పుడే అడ్వాన్సు పంపిస్తానంటాడు. 'చూడకుండానే కొంటానన్నాడంటే యాడో తేడా ఉండాదబ్బా' అని ఏ మెకానిక్కయినా ఇట్టే చెప్పేస్తాడు. లక్ష రూపాయల బండి సంగతి అలా ఉంచండి, గంగమ్మ జాతరలో గాజులు కొనేటప్పుడు కూడా బేరం ఆడకుండా కదలం కదా మనం!

మరి రాకుండా ఉండటానికి కారణం? అది సిద్ధంగానే ఉంటుంది. 'నేను ఫౌజీని సార్' అంటాడు. లేదా సీఐఎస్ఎఫ్ జవాను, డ్యూటీ రేణిగుంట ఎయిర్‌పోర్టులో. సెలవు దొరకదు, అందుకే రాలేకపోతున్నాడు. నమ్మకం కోసం వాట్సాప్‌లో యూనిఫాం ఫొటో, గుర్తింపు కార్డు, క్యాంటీన్ కార్డు వరుసగా వచ్చేస్తాయి. సైనికుడి మాటను అనుమానించడానికి మనకు మనసొప్పదు. ఆ గౌరవమే వాడి పెట్టుబడి. ఆ కార్డుల్లో కొన్ని కంప్యూటర్లో తయారుచేసినవి, కొన్ని ఇంతకుముందు మోసపోయిన మరెవరివో. అయినా ఓ మాట. నిజమైన జవాను తన గుర్తింపు కార్డును ముక్కూమొహం తెలియనివారికి ఫోన్లో పంపిస్తాడా?

తర్వాతిది అసలు ఘట్టం. 'ముందు ఐదు రూపాయలు పంపుతున్నా, వచ్చాయేమో చూడండి' అంటాడు. నిజంగానే వస్తాయి. మనసు కుదుటపడుతుంది. వెంటనే ఓ క్యూఆర్ కోడ్ వస్తుంది. 'దీన్ని స్కాన్ చేసి పిన్ కొట్టండి, పది వేలు మీ ఖాతాలో పడతాయి' అంటాడు. కొడితే పది వేలు పోతాయి. కంగారుగా ఫోను చేస్తే ఆ గొంతు తేనెలా ఉంటుంది. 'పొరపాటైంది సార్, వాపసు పంపిస్తా, ఈ కోడ్ స్కాన్ చేయండి' అంటాడు. మరో పది వేలు. పోయిన డబ్బును రాబట్టుకోవాలన్న ఆత్రంలో మూడోసారి, నాలుగోసారి పిన్ కొట్టేవారూ ఉంటారు.

దీని వెనకున్న కిటుకు ఒక్కటే. 2016లో యూపీఐ వచ్చిననాటి నుంచీ పద్ధతి మారలేదు... పిన్ కొట్టేది డబ్బు పంపడానికే, తీసుకోవడానికి కాదు. డబ్బు పడాలంటే మనం చేయాల్సిన పనేమీ లేదు, ఊరికే కూర్చోవడమే. వ్యక్తుల మధ్య 'రిక్వెస్ట్ మనీ' సదుపాయాన్ని ఎన్‌పీసీఐ 2025 అక్టోబరు 1 నుంచి నిలిపేసింది. దాంతో ఒక తలుపు మూసుకుంది కానీ, క్యూఆర్ కోడ్ తలుపు తెరిచే ఉంది.

ఈ ఫోన్లు చేసేవారిలో చాలామంది హరియాణాలోని నూహ్, రాజస్థాన్‌లోని భరత్‌పూర్, ఉత్తరప్రదేశ్‌లోని మథుర చుట్టుపక్కల పల్లెల నుంచి మాట్లాడతారన్నది పోలీసులకు పాత సమాచారమే. 2023 ఏప్రిల్‌లో హరియాణా పోలీసులు దాదాపు ఐదు వేల మందితో నూహ్ జిల్లాలో 14 గ్రామాల్ని ఒకే రాత్రి చుట్టుముట్టారంటే అక్కడ ఈ వ్యాపారం ఏ స్థాయిలో సాగుతోందో అర్థం చేసుకోవచ్చు.

జవాను కథ ఇప్పుడు చాలామందికి తెలిసిపోయింది. ఇద్దరు అమాయకుల్ని ఎదురెదురుగా నిలబెట్టే మరో మోసం ఉంది. చదువుకున్నవారూ అందులో చిత్తవుతున్నారు. అదెలాగంటే...

బైరాగిపట్టెడలో ఉన్న ఓ రిటైర్డ్ ఉద్యోగి తన కారును నాలుగు లక్షలకు అమ్మకానికి పెట్టారనుకుందాం. మోసగాడు ఆ ఫొటోలన్నీ తీసుకుని, రెండున్నర లక్షలకే అంటూ తన పేరుతో ఇంకో ప్రకటన ఇస్తాడు. అది చూసి శ్రీకాళహస్తి నుంచి ఓ కుర్రాడు ఫోను చేస్తాడు. 'కారు మా బాబాయి ఇంట్లో ఉంది, వెళ్లి చూసుకో. ఆయన దగ్గర మాత్రం ధర ఎత్తకు. ఇంటి గొడవలున్నాయి' అని చెబుతాడు. అటు పెద్దాయనకు ఫోను చేసి 'నాలుగు లక్షలూ నేనే ఇస్తాను సార్. మా బావమరిది చూడ్డానికి వస్తాడు. నేను వాడికి బాకీ, ఆ లెక్కలో కారు ఇస్తున్నా. ధర సంగతి వాడికి తెలియనివ్వకండి' అంటాడు. ఇద్దరూ మర్యాదస్తులే. ఇచ్చిన మాట ప్రకారం ఇద్దరూ డబ్బు ఊసెత్తరు. కారు చక్కగా ఉంది, కాగితాలు సరిగ్గా ఉన్నాయి, పెద్దాయన కాఫీ కూడా ఇచ్చారు. కుర్రాడు గేటు దగ్గర నిలబడే మోసగాడి ఖాతాకు రెండున్నర లక్షలు పంపేస్తాడు. తాళాలు అడుగుతాడు. 'డబ్బేదయ్యా?' అని పెద్దాయన. 'ఇప్పుడే కదండీ మీవాడికి పంపాను' అని కుర్రాడు. మా వాడెవడు? మీ బావ కదా? నాకు బావెవరు సార్, మీ అబ్బాయే కదా?... అప్పటికి ఆ ఫోను స్విచాఫ్.

ఇక్కడ పెద్దాయన డబ్బు పోలేదు. కానీ పోలీసుస్టేషన్లో కుర్రాడు చెప్పే ఇంటి అడ్రసు ఆయనదే. అక్కడ చూసిన కారూ ఆయనదే. 'మీరూ వాళ్లూ కలిసే చేశారు' అన్న మాట పడాల్సిందీ ఆయనే. తాళాలు ముందే ఇచ్చేసి ఉంటే కారూ పోయేదే. ఇంటికొచ్చిన మనిషితో 'నాయనా, నువ్వు కొంటోంది ఎంతకు? డబ్బు ఎవరికిస్తున్నావు?' అని ఒక్క ముక్క అడిగి ఉంటే ఆట అక్కడే ఆగిపోయేది. 'ధర మాట్లాడొద్దు' అని ఎవరైనా చెప్పారంటే... ధరే మాట్లాడాలి!

మనిషి నేరుగా వచ్చినంత మాత్రాన భయం తీరిపోదు. 'ఒక్క రౌండు వేసొస్తానన్నా' అంటూ బండెక్కినవాడు కరకంబాడి రోడ్డు మీదుగా ఎటు పోయాడో తెలియదు. వాడు హామీగా వదిలి వెళ్లిన పాత బండి కూడా దొంగదే అయి ఉండొచ్చు. కాబట్టి ఒరిజినల్ లైసెన్సు చేతిలో పెట్టించుకున్నాకే తాళం ఇవ్వాలి. కారైతే పక్క సీట్లో, బండైతే వెనక సీట్లో మనవాళ్లు ఒకరు కూర్చోవాలి. ఒరిజినల్ ఆర్‌సీ మాత్రం బండిలో ఉండకూడదు. చూపించే చోటు ఇల్లే కానక్కర్లేదు, జనం తిరిగే పెట్రోలు బంకు ముందైనా సరిపోతుంది.

డబ్బు వచ్చిందనడానికి సాక్ష్యం బ్యాంకు ఖాతాలో కనిపించే బ్యాలెన్సే. ఎస్ఎంఎస్ కాదు. అవతలివాడు చూపించే స్క్రీన్‌షాట్ అసలే కాదు. ఐదు వేలకు బదులు యాభై వేలు పంపినట్టు దొంగ మెసేజ్ పెట్టి, 'పొరపాటున ఎక్కువొచ్చాయి, నలభై ఐదు తిరిగి పంపండి' అనేవారూ ఉన్నారు. చెక్కు ఇస్తే సొమ్ము ఖాతాలో జమయ్యేదాకా బండి కదలకూడదు. శనివారం సాయంత్రం డీడీ తెచ్చేవారిని సోమవారం రమ్మనాలి. మొహమాటం పడితే నష్టం మనకే.

ఇంతా చేసి మంచివాళ్లకే అమ్మారనుకోండి. కథ అయిపోయిందా? శేషాచలం కొండల కింద ఉన్న ఊరికి అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. ఎర్రచందనం దుంగలతో పట్టుబడే కార్ల మీద కొన్నిసార్లు దొంగ నంబర్లుంటాయి, కొన్నిసార్లు చేతులు మారి పేరు మారని బండ్లుంటాయి. పోలీసులు ముందు వెతికేది రికార్డుల్లో ఉన్న పేరునే. ప్రమాదాల సంగతీ అంతే. నవీన్‌కుమార్, విజయ్‌కుమార్ కేసులో 2018లో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని తేల్చిచెప్పింది. ఆ బండి వరసగా పలువురి చేతులు మారినా రిజిస్ట్రేషన్ మొదటివారి పేరునే ఉండిపోయింది. 2009లో జరిగిన ప్రమాదానికి పరిహారం కట్టాల్సిన బాధ్యత రవాణా శాఖ రికార్డుల్లో ఉన్న యజమానిదేనంది కోర్టు. తెల్లకాగితం మీద రాసుకున్న ఒప్పందం, ఖాళీగా సంతకం పెట్టి ఇచ్చిన ఫారాలు ఆదుకోవు.

అందుకే ఫారం 29, ఫారం 30 ఇద్దరూ కలిసి నింపి, ఆర్టీవో దగ్గర పేరు మార్పు పని మొదలయ్యాకే తాళాలివ్వడం మేలు. అదే రాష్ట్రంలో అయితే అమ్మినవారు 14 రోజుల్లో తెలియజేయాలన్నది 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 50వ సెక్షన్. చెన్నై, వేలూరు, బెంగళూరు నుంచి వచ్చి కొనేవారు మనకు ఎక్కువ. వాళ్లకు ఇచ్చేటప్పుడు ఫారం 28, అంటే ఎన్‌వోసీ కూడా కావాలి. బండి మీద అప్పు తీరిపోతే ఫారం 35తో ఆర్‌సీలో బ్యాంకు పేరు తీయించుకోవాలి. అధీకృత డీలరుకు అప్పగిస్తుంటే 2023 ఏప్రిల్ నుంచి ఫారం 29సి ఉంది, అడిగి తీసుకోవాలి. బండి ఇచ్చిన తేదీతోపాటు గంట, నిమిషం కూడా డెలివరీ నోట్‌లో రాయించుకోండి. ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి జరిగిన ప్రమాదానికి ఉదయం పదింటికే బండి ఇచ్చేసినట్టు ఆ కాగితం సాక్ష్యమవుతుంది. నెల తర్వాత ఎం-పరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి చూస్తే పేరు మారిందో లేదో తెలిసిపోతుంది.

ఒకవేళ డబ్బు పోనేపోతే సిగ్గుపడి కూర్చోకూడదు. వెంటనే 1930కి ఫోను చేయాలి. సొమ్ము ఇంకో ఖాతాకు దాటేలోపు ఆపగలిగితేనే దక్కే అవకాశం. అందుకే ముందు ఫోను, తర్వాతే పోలీసుస్టేషను.

ప్రకటనలో పెట్టే ఫొటోల్లో నంబరు ప్లేటును కాగితంతో మూయాలి, ఆర్‌సీ ఫొటో పెట్టనే కూడదు. క్లెయిములు లేకుండా కూడబెట్టుకున్న నో క్లెయిం బోనస్ బండితో పాటు పోదు. బీమా కంపెనీ నుంచి లెటరు తీసుకుంటే కొత్త కారుకు వాడుకోవచ్చు. చాలామంది మరిచిపోయేది ఫాస్టాగ్. అద్దం మీది స్టిక్కరు గీకి తీసేసి, బ్యాంకుకు చెప్పి మూయించాలి. లేకపోతే కొన్నాయన గాదంకి టోల్‌గేటు దాటిన ప్రతిసారీ డబ్బు కట్ అయినట్టు మెసేజ్ అమ్మినాయనకే వస్తుంది.