సిగ్గుతో దాచుకుంటే నయమవుతుందా?

మూత్రం ఆపుకోలేక పెళ్లిళ్లకు, బస్సు ప్రయాణాలకు దూరమవుతున్న పెద్దవాళ్లు ఎందరో. బట్టలు తడుస్తాయన్న భయంతో మంచినీళ్లు తాగడం కూడా తగ్గించుకుంటారు. ముసలితనమని సరిపెట్టుకోనక్కరలేదు, దీనికి చికిత్స ఉంది. ముందు మూత్రపరీక్ష, చక్కెర పరీక్ష చేయించాలి. ఉన్నట్టుండి తోసుకువచ్చే మూత్రానికి ఆక్సిబ్యుటినిన్, టాల్టెరోడిన్ వంటి మాత్రలున్నాయి. ఇవి మూత్రాశయ కండరాన్ని శాంతపరుస్తాయి. గుణం కనిపించడానికి 4 వారాలైనా పట్టవచ్చు. నోరు ఎండవచ్చు, మలబద్ధకం రావచ్చు, వృద్ధులకు మతి తడబడవచ్చు. కంట్లో నీటికాసులున్నవారు డాక్టరుకు ముందే చెప్పాలి. దగ్గినా తుమ్మినా పడే చుక్కలకు ఇవి పనిచేయవు. మూత్రం ఆపుకునే కండరాలను బిగించి వదిలే వ్యాయామమే దానికి మేలు. కనుక పొరుగువారి మాత్రలు మింగరాదు. ఇంటివారు ఈసడించక, ఆసుపత్రికి తోడు వెళ్లడమే మొదటి మందు.